చెనక్కాయ చేను ఎండుతుంటే ముద్ద దిగడం లేదు

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. విశాఖలో బీటెక్ మొదటి సంవత్సరం. నా యాస వింటే హాస్టల్లో నవ్వుతారు. ఈసారీ వాన లేక చెనక్కాయ ఎండిపోతాందని నాయన చెప్పినప్పటి నుంచి మెస్సులో ముద్ద దిగడం లేదు. చదువు మానేసి వచ్చేయనా?

జవాబు: బాబూ, నిన్ను పీడిస్తున్నది ఇంటి బెంగ ఒక్కటే కాదు. వాళ్లక్కడ అల్లాడుతుంటే నేనిక్కడ తింటున్నానే అన్న అపరాధభావం కూడా. కరువు పల్లెల పిల్లల్లో ఇది మామూలే, పైకి చెప్పుకోరంతే. నువ్వు పస్తున్నంత మాత్రాన చేనుకు పదును రాదు. నాయనతో వారానికి రెండుసార్లు తీరిగ్గా మాట్లాడు. అప్పుల లెక్క అడగడం తగ్గించి, నీ తరగతుల సంగతులు చెప్పు. ఆయన వినాలనుకునేవి అవే.

యాస మార్చుకోకు. ఎదగడానికి అది అడ్డు కాదు. అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చదివిన నీలం సంజీవరెడ్డి 1977లో రాష్ట్రపతి అయ్యారు. నవ్వేవాళ్లలో ఒకరిద్దరికి అమ్మ చేసిన ఓళిగలు పెట్టి చూడు.

మానేయాలా వద్దా అన్నది మొదటి సెమిస్టర్ పరీక్షలయ్యేదాకా పక్కన పెట్టు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ విశాఖ నుంచి నేరుగా అనంతపురం వస్తుంది. వారం వారం ఎక్కకుండా, దసరాకు ఇప్పుడే టికెట్ తీసుకో. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి కుదరకపోతే డాక్టర్‌ని కలువు, లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి. ఉచితం, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.