గుంజల లావు పెంచితే మంచె ఊగడం ఆగదు

దాళ్వా ధాన్యం తేమ 14 శాతానికి మించకుండా ఆరబెట్టి, తొలకరి పడేలోపు బస్తాలను నేల చెమ్మకు దూరంగా ఎత్తుకు చేర్చాలి. అందుకోసం షెడ్డులో గుంజలు నిలిపి చెక్క మంచె కట్టే రైతులు చాలామందే. అలాంటి మంచె ఒరిగితే నింద ముందుగా గుంజల మీద పడుతుంది, మరుసటి ఏడు ఇంకా లావు కర్రలు కొంటారు. ఆ ఖర్చు వృథా. 75 కిలోల బస్తాలు 20 వేస్తే టన్నున్నర. నాలుగు గుంజలకు సమంగా పంచితే ఒక్కోదాని మీద 375 కిలోలు. నాలుగంగుళాల సరుగుడు కర్ర నిట్టనిలువుగా అంతకు మించే మోస్తుంది. మంచెను పడగొట్టేది పక్క తోపు. భుజం మీది బస్తాను దభీమని పడేసినా, ఒకవైపే వరస పెట్టినా ఆ తోపు వస్తుంది. అప్పుడు ఏ కర్రా విరగదు. మూలన కొట్టిన మేకు ఇరుసులా తిరిగి, నలుచదరపు చట్రం మొత్తం ఒక పక్కకు వాలిపోతుంది. అదే చట్రానికి ఏటవాలు కర్ర బిగిస్తే ముక్కోణాలు ఏర్పడతాయి. ముక్కోణం వాలాలంటే ఏదో ఒక కర్ర పొడవు మారాలి, లేదా బిగింపు ఊడాలి.

కాబట్టి ఒక గుంజ అడుగు నుంచి పక్క గుంజ పైకొసకు ఏటవాలు కర్ర వేయాలి. రెండు వైపులు చాలవా అని అడుగుతారు. చాలవు; ఆ రెండూ కలిసే మూల చుట్టూ మంచె మెలి తిరుగుతుంది. మూడు వైపులా వేసి, పై పలకలను దూలాలకు గట్టిగా బిగిస్తే, నాలుగో వైపు బస్తాలు ఎక్కించడానికి ఖాళీగా ఉంచుకోవచ్చు. కర్ర బదులు జీఐ తీగ వాడితే ఒక్కో వైపు రెండు ఏటవాలు తీగలు ఒకదాన్నొకటి దాటేలా ఉండాలి, ఎందుకంటే తీగ లాగుడునే ఆపుతుంది, నొక్కుడును ఆపలేదు. బిగింపుకు మేకుల కన్నా 12 మిల్లీమీటర్ల బోల్టులు మేలు. తల కింద, నట్టు కింద వెడల్పాటి వాషర్లు వేయాలి. రంధ్రం కర్ర కొసకు మరీ దగ్గరైతే చీలిక వస్తుంది, మూడున్నర అంగుళాలైనా వదలాలి. పచ్చి కర్ర ఆరాక సన్నబడుతుంది కనుక కొన్ని నెలలకు నట్లను మళ్లీ బిగించాలి.

ఇంత శ్రమ ఎందుకు, గోడకు కట్టేస్తే పోదా అనేవారున్నారు. బస్తాలకు గోడకు మధ్య అడుగున్నర, రెండడుగుల సందు ఉండాలి, లేకుంటే గోడ చెమ్మ పాకుతుంది, ఎలుకల జాడ కనబడదు. పైగా ఈదురుగాలికి రేకుల షెడ్డు కదిలితే ఆ కుదుపు మంచెకూ తగులుతుంది. గుంజలను నేలలో పాతేయడం ఇంకో మాట. అది ఊగకుండా నిలుపుతుంది, నిజమే. కానీ మట్టిని అంటుకున్న చోటే కర్ర కుళ్లుతుంది, చెదలు కనబడకుండా లోపలికి ఎక్కుతాయి. సిమెంటు దిమ్మె మీద నిలిపి, జారకుండా ఇనుప పట్టీతో బిగించడమే మేలు. అలా నిలిపినప్పుడు పక్క తోపును ఆపే భారమంతా ఏటవాలు కర్రలదే, వాటిని తగ్గించకూడదు.

కట్టేటప్పుడు పై చట్రం ఎదురెదురు మూలల మధ్య దూరాలు తాడుతో కొలిచి, రెండూ సమానమయ్యాకే బోల్టులు చివరిగా బిగించాలి. బస్తాలు వేయకముందే ఇద్దరు పైఅంచు పట్టుకుని నాలుగు వైపుల నుంచీ తోసి చూడాలి. ఏ వైపు ఊగితే ఆ వైపు బోల్టు విప్పి, రంధ్రం వదులైందేమో పరీక్షించాలి.