గడ్డి రన్‌వే మీద 7 అంగుళాల లెక్క

మన ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా ఎయిర్‌పోర్ట్ లేదు. రేపెప్పుడైనా చిన్న విమానం దిగాలంటే గడ్డి రన్‌వే చాలు కదా అనిపిస్తుంది. కానీ ముందు ప్రొపెల్లర్ కొసకీ నేలకీ మధ్య ఖాళీ ఎంతో చూడాలి.

ముందు చక్రం ఉన్న విమానానికి ఇది కనీసం 7 అంగుళాలు, తోక చక్రం ఉన్నదానికి 9 అంగుళాలు ఉండాలని అమెరికా పాత పార్ట్ 23 నిబంధన. 7 అంగుళాలంటే దాదాపు 18 సెంటీమీటర్లు. అది కూడా కదలకుండా నిలబడ్డప్పటి కొలత. బ్రేక్ గట్టిగా వేస్తే ముక్కు వంగుతుంది. వానాకాలం నల్లరేగడిలో టైరు దిగబడితే ఇంకా తగ్గుతుంది. ప్రొపెల్లర్ నేలకు తగిలితే అది మార్చి ఊరుకుంటే కుదరదు, ఇంజన్ కూడా విప్పి చూడాలి.

అందుకే మూడు జాగ్రత్తలు:

1. రన్‌వే మొత్తం నడిచి చూడాలి. చెదపుట్టలు, బండి చాళ్లు, పశువులు తొక్కిన గుంటలు వెతకాలి.

2. నేల మీద మెల్లగా నడుపుతూ, కంట్రోల్‌ని వెనక్కి లాగి పట్టుకోవాలి. ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది. మెత్తటి చోట ఆగకూడదు.

3. టేకాఫ్ దూరాన్ని పెంచి లెక్కేయాలి. బ్రిటన్ సలహా ప్రకారం పొడి గడ్డికి 20 శాతం, తడి గడ్డికి 30 శాతం ఎక్కువ.

అయితే ఆ లెక్క 20 సెంటీమీటర్ల ఎత్తు దాకా ఉన్న గడ్డికి. మన ఖాళీ 18 సెంటీమీటర్లే! కాబట్టి ముందు గడ్డి కోయాలి, తర్వాతే ఇంజన్ స్టార్ట్ చేయాలి.