తీరికగల యాత్ర : బందరు తీరానికి ఒక ప్రణాళిక

ఏటా ఒకసారి విహారయాత్రకు పోవడం మన కళాశాలలన్నింటిలోను ఆనవాయితీగా వస్తున్నది. ఆ యాత్రల తీరు కూడ అందరికీ తెలిసినదే. రాత్రి పదిగంటలకు బస్సు బయలుదేరుతుంది. మూడు దినాలలో ఆరు ఊళ్లు, రెండు ఆనకట్టలు, ఒక సముద్రతీరం చూచి తిరిగి రావాలి. తీరం చేరేసరికి ఏ మిట్టమధ్యాహ్నమో అవుతుంది. "అరగంట మాత్రమే సమయం" అని ఆచార్యులు హెచ్చరిస్తారు. ఆ అరగంటలో నూరుమంది ఒక్కసారిగా నీటిలోకి పరుగెత్తుతారు. తిరిగివచ్చిన తరువాత ఏమి చూచితివని అడిగితే ఊళ్ల పేర్లు వరుసగా చెప్పగలరే గాని, ఒక్క ఊరిని గురించి పది వాక్యాలు చెప్పలేరు.

ఈ తొందర వలన కలిగే నష్టం జ్ఞానానికి మాత్రమే పరిమితం కాదు. సముద్రతీరాలలో విద్యార్థులు మునిగిపోయిన వార్తలు మనం తరచుగా చదువుతూనే ఉన్నాము. తీరం స్వభావం తెలియకపోవడం, కొద్ది సమయంలోనే ఆనందమంతా అనుభవించాలనే ఆతురత, లెక్క చూచేవారు లేకపోవడం - ఈ మూడూ కలిసినచోటనే అపాయం పొంచి ఉంటుంది. కనుకనే అనేకమంది తల్లిదండ్రులు, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు, యాత్ర అనగానే వెనుదీస్తారు. వారి భయాన్ని తేలికగా తీసివేయరాదు. దానికి సరియైన సమాధానం మాటలతో గాక ప్రణాళికతో చెప్పాలి.

"షికారు" అనే మాటను మనం సరదాగా తిరిగిరావడమనే అర్థంలో వాడుతున్నాము. ఇది పారశీక పదం. ఆ భాషలో దీనికి వేట అని అర్థం. మన విహారయాత్రలు నేడు మూలార్థంలోనే షికార్లయినవి. ఊళ్లను వేటాడి, ఛాయాచిత్రాలను మూటగట్టుకొని వస్తున్నాము. దీనికి మారుగా ఒకే ఊరు, రెండు రాత్రులు, మూడు పగళ్లు అనే నియమంతో యాత్ర ఎట్లు చేయవచ్చునో బందరును ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

బందరే ఎందుకు?

మచిలీపట్నం కృష్ణాజిల్లాకు ముఖ్యపట్టణం. విజయవాడకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. పూణే నుండి హైదరాబాదు మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి ఇక్కడనే ముగుస్తుంది. గుడివాడ మీదుగా రైలు సౌకర్యమూ ఉన్నది.

ఉర్దూ, తెలుగు రెండూ చదువుకొనే మన విద్యార్థులకు ఈ ఊరి పేరే ఒక పాఠం. "బందర్" అనగా పారశీకంలో ఓడరేవు. జనం నోట ఆ సామాన్యనామమే ఈ పట్టణానికి పేరై నిలిచిపోయినది. బందరుతో పాటు సముద్రం మీదుగా మనకు వచ్చిన మాటలు మరికొన్ని ఉన్నవి. లంగరు, సరంగు, తుఫాను, ఖలాసీ - ఇవి అరబ్బీ, పారశీక భాషలనుండి వచ్చి తెలుగు పల్లెకారుల నోట కూడ స్థిరపడినవి. రేవు, పోటు, అల, తెరచాప వంటి మాటలు వీటి పక్కనే సుఖంగా కాపురం చేస్తున్నవి.

కుతుబ్ షాహీల కాలంలో ఇది గోలకొండ రాజ్యానికి ప్రధానమైన రేవుపట్టణం. ఇక్కడినుండి అద్దకపు వస్త్రాలు పారశీక దేశానికీ, తూర్పుదీవులకూ ఎగుమతి అయ్యేవి. డచ్చివారు 1605లో ఇక్కడకు వచ్చిరి. ఆంగ్లేయులు 1611లో వచ్చిరి. తరువాత ఫ్రెంచివారు వచ్చిరి. 1759లో ఆంగ్లేయులు ఫ్రెంచివారినుండి ఈ కోటను పట్టుకొన్నారు. కాలక్రమేణ రేవు పూడిపోయి పెద్ద ఓడలు దూరాననే నిలువవలసి వచ్చినది. మద్రాసు ప్రాముఖ్యం పెరిగినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇన్ని దెబ్బలు తిన్న ఊరు వెనుకటి స్థితికి రాలేదు. 2023లో కొత్త ఓడరేవు నిర్మాణానికి శంకుస్థాపన జరిగినది.

కాలనిర్ణయం

యాత్రకు మొదట నిర్ణయించవలసినది కాలం. బంగాళాఖాతంలో తుఫానులు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఎక్కువ. ఏప్రిల్, మే నెలలలో కూడ రావచ్చును. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఇదే జిల్లాలోని దివిసీమను ముంచివేసి సుమారు పదివేలమందిని పొట్టనబెట్టుకొన్నది. వేసవిలో ఎండ తీవ్రత, ఉక్క కలిసి నడువనీయవు. కాగా జనవరి రెండవ పక్షం, ఫిబ్రవరి నెల అనుకూలమైన కాలం. గాలి చల్లగా ఉంటుంది. వార్షిక పరీక్షలకు కొంత గడువూ ఉంటుంది.

కార్తీక పూర్ణిమనాడు మంగినపూడి తీరంలో వేలాదిమంది సముద్రస్నానం చేస్తారు. ఆ ఉత్సవాన్ని చూడదలచినవారు నాడే పోవచ్చును గాని, ప్రశాంతత కోరేవారు ఆ దినాన్ని తప్పించుకోవాలి. ఏ నెలలో పోయినా బయలుదేరే ముందు మూడు దినాలపాటు వాతావరణశాఖ ప్రకటనలు వినాలి. మన ఓడరేవులలో ప్రమాదాన్ని తెలుపడానికి 1 నుండి 11 వరకు నంబరు గల సంకేతాలు ఎగురవేస్తారు. ఏ చిన్న సంకేతమున్నా యాత్రను వాయిదా వేయడమే వివేకం. వాయిదా వేసే అధికారం ఎవరిదో ముందే నిర్ణయించి ఉంచాలి. లేనిచో బస్సుకు ముట్టజెప్పిన బయానా పోతుందనే చింత వివేకాన్ని మింగివేస్తుంది.

మూడు దినాల క్రమం

మొదటి దినం మధ్యాహ్నానికి ఊరు చేరాలి. ఆనాడు సముద్రం వద్దకు పోరాదు. ఇది కొందరికి కఠినంగా తోచవచ్చు. కాని రాత్రి ప్రయాణంచేసి నిద్రలేని కళ్లతో నీటిలో దిగడంకంటె తెలివితక్కువ పని లేదు. పైగా బందరు ఊరికీ తీరానికీ మధ్య సుమారు 11 కిలోమీటర్ల దూరమున్నది. భోజనం, విశ్రాంతి అయిన తరువాత సాయంత్రం బజారు వీథులలో నడవాలి. బందరు లడ్డు, బందరు హల్వా పేరు పొందినవి. లడ్డుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. శనగపిండితో చేసిన కారప్పూసను దంచి, బెల్లపు పాకం, నేయి చేర్చి మళ్లీ దంచి ఉండలు చుడతారు. అందువలననే దీనిని తొక్కుడు లడ్డు అనికూడ అంటారు. ఇంటికి కొనిపోదలచినవారు చివరిదినం కొనుక్కోవాలి.

రెండవ దినం తెల్లవారకముందే లేచి మంగినపూడి చేరాలి. ఇది తూర్పు తీరం కనుక సూర్యుడు నీటినుండి లేచివస్తాడు. ఈ దృశ్యం చూడడానికి అరగంట చాలదు. చీకటి పలుచబడడం, దూరాన పడవలు నల్లని గీతలవలె కనబడడం, నీటి రంగు క్షణక్షణానికి మారడం - ఇవన్నీ ఊరక కూర్చున్నవారికే దక్కుతవి. తొమ్మిది గంటలకల్లా తిరుగుముఖం పట్టాలి. ఎండవేళ గదులలో విశ్రాంతి, ప్రార్థనలు, భోజనం. సాయంత్రం బందరుకోటవద్దనున్న డచ్చివారి సమాధులు చూడాలి. సప్తదశ, అష్టాదశ శతాబ్దాలనాటి ఆ రాళ్లపై వంశచిహ్నాలు, శాసనాలు చెక్కబడి ఉన్నవి. వేలమైళ్ల దూరంనుండి వర్తకానికి వచ్చి ఈ మట్టిలో కలిసినవారు వారు. సమాధులపై కూర్చుండడం, పేర్లు గీకడం విద్యావంతుల లక్షణం కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

మూడవ దినం ఒకే పని పెట్టుకోవాలి. రైలులో వచ్చినవారు గుడివాడ మార్గంలో ఉన్న పెడనలో దిగి కలంకారీ పని చూడవచ్చును. రోడ్డు మార్గాన పోయేవారు పామర్రు వద్ద తిరిగి కూచిపూడి చూడవచ్చును. రెండూ చూడవలెననే ఆశ మళ్లీ వేటకు దారితీస్తుంది.

కలంకారీ అనే పేరు కూడ పారశీకమే: కలంతో చేసే పని. శ్రీకాళహస్తిలో నేటికీ కలంతోనే గీస్తారు. పెడనలో మాత్రం చెక్కిన టేకు అచ్చులతో అద్దుతారు. వస్త్రాన్ని ముందుగా కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెడతారు. ఇనుపముక్కలు, బెల్లం నీటిలో పులియబెట్టగా వచ్చిన కషాయం కరక్కాయతో కలిసి నలుపు అవుతుంది. పటిక అద్దినచోట, వస్త్రాన్ని వేళ్ల రంగులో ఉడికించినప్పుడు, ఎరుపు తేలుతుంది. రసాయనశాస్త్ర విద్యార్థులకు ఇంతకంటె మంచి ప్రయోగశాల దొరకదు. ఇక్కడి అచ్చులలో లతలు, పువ్వులు, తోరణాలు ఎక్కువగా కనబడడానికి పారశీకుల అభిరుచియే కారణం.

కూచిపూడి పోయేవారికి మరొక కథ ఉన్నది. గోలకొండ చివరి నవాబు అబుల్ హసన్ తానీషా అక్కడి భాగవతుల ప్రదర్శనకు మెచ్చి ఆ గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చెనని ఐతిహ్యం. రెండు మతాలవారు ఒక కళను ఎట్లు కాపాడుకొన్నారో తెలుపడానికి ఇంతకంటె వేరే పాఠ్యపుస్తకమక్కరలేదు.

నీటివద్ద పాటించవలసిన నియమాలు

సముద్రం రోజుకు రెండుమార్లు పొంగుతుంది, రెండుమార్లు తీస్తుంది. దీనినే ఆటుపోట్లు అంటాము. పోటు వేళ దినదినానికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. అమావాస్యకు, పూర్ణిమకు సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో కలియడంవలన పోటు బలంగా ఉంటుంది. వాలు తక్కువగల తీరంలో నీరు కొద్దిగా పెరిగినా చాలదూరం ముందుకు వస్తుంది. కనుక నీటి లోతు తక్కువగా ఉన్నదని లోపలికి నడచిపోరాదు.

అలలు గట్టుమీద పడిన నీరు తిరిగి లోనికి పోవడానికి కొన్నిచోట్ల సన్నని దారి చేసుకొంటుంది. అచ్చట అలలు విరగవు. నీరు నిమ్మళంగా, మడ్డిగా కనబడుతుంది. తెలియనివారు అదే సురక్షితమైన చోటనుకొని దిగుతారు. ఈతగాణ్ణి కూడ అది లోనికి లాగుకొనిపోతుంది. దానికి ఎదురీదినవాడు అలసి మునుగుతాడు. దాని పట్టు సన్నని దారివరకే గనుక, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది దానినుండి బయటపడి, తరువాత అలలతోపాటు ఒడ్డుకు రావాలి. ఈత రానివాడు తేలుతూ చేయి ఎత్తి సహాయం కోరాలి. ఒడ్డుననున్నవారు వెంటనే దూకక, తాడో, గాలి నింపిన ట్యూబో విసరాలి. ఒకరిని రక్షింపబోయి ముగ్గురు మునిగిన ఉదంతాలు కొల్లలు.

కనుక ఈ అయిదు నియమాలు వ్రాతమూలంగా ఉండాలి. మోకాలు దాటిన లోతుకు పోరాదు. సూర్యాస్తమయం తరువాత నీటిలో దిగరాదు. ఇద్దరిద్దరు జతగా ఉండి ఒకరినొకరు కనిపెట్టుకొని ఉండాలి. అరగంటకొకసారి హాజరు పిలవాలి. అక్కడి పల్లెకారులు వద్దన్నచోట దిగరాదు. ఈ చివరి నియమం అన్నింటికంటె ముఖ్యం. మనం ఒకనాటి అతిథులం. వారు జన్మంతా ఆ నీటితో జీవించేవారు.

పాలకవర్గానికి విన్నపం

ఇటువంటి యాత్రకు ఖర్చు ఎక్కువ అవుతుందని కొందరు అనుకోవచ్చు. లెక్కవేసి చూస్తే అది నిజం కాదు. యాత్రలో పెద్ద ఖర్చు వాహనానిదే. ఆరు ఊళ్లు తిరిగే బస్సుకంటె ఒక ఊరికి పోయివచ్చే రైలుటికెట్టు చౌక. బస ఒక్కచోటనే గనుక బేరమాడి తగ్గించుకోవచ్చును. ఆ తగ్గిన మొత్తంతో ఇద్దరు ముగ్గురు పేద విద్యార్థులను ఉచితంగా తీసుకొని పోవచ్చును.

పదిహేను దినాలు ముందుగా ఒక కాగితంమీద వివరాలన్నీ ముద్రించి ఉర్దూలోను, తెలుగులోను ప్రతి ఇంటికి పంపాలి. బస ఎక్కడ, భోజనం ఎవరు వండుతారు, ఏ గంటకు ఎక్కడ ఉంటారు, వెంట ఏ ఉపాధ్యాయినులు వస్తారు, ఫోను నంబరు ఏది - ఇవన్నీ అందులో ఉండాలి. తండ్రి ఆ కాగితాన్ని చదివి తల్లికి వినిపించగలగాలి. అప్పుడు "మా అమ్మాయిని పంపలేము" అనే మాట కొన్ని ఇళ్లలోనైనా "ఏనాడు తిరిగివస్తారు?" అనే ప్రశ్నగా మారుతుంది. చదువుకొనే అమ్మాయి తన రాష్ట్రపు సముద్రాన్ని ఒక్కమారైనా చూడకుండ పట్టభద్రురాలు కావడం మనకు గౌరవం కాదు.

విద్యార్థులారా! యాత్రకు బయలుదేరేటప్పుడు చూడవలసిన స్థలాల పట్టిక వ్రాసుకోవడం మంచిదే. వ్రాసిన తరువాత అందులో సగం కొట్టివేయండి. మిగిలినవాటిని నింపాదిగా చూడండి. రేవులో వల బాగుచేసుకొంటున్న మనిషి పక్కన కాసేపు కూర్చుండి, ఆయన అనుమతిస్తే, ఆ వల పేరేమిటో, అందులో ఏ చేప పడుతుందో అడిగి తెలుసుకోండి. అందరూ క్షేమంగా వెళ్లి, అందరూ క్షేమంగా తిరిగి వచ్చి, చూచిన ఒక్క ఊరిని గురించి ఇంట్లో చెల్లెలికి గంటసేపు చెప్పగలిగితే ఆ యాత్ర సఫలమైనట్లే.