కార్యాలయ కంప్యూటర్లలో ఖాతా లాకు పడుట: కారణములు, పరిష్కారములు

కాగితపు ఫైళ్ళు బీరువాలలో ఉన్న రోజులలో తాళపుచెవి పోయినచో మారుచెవి కొరకు వెదకెడివారము. నేడు ఫైళ్ళు సర్వరులోనికి చేరినవి. తాళపుచెవికి బదులు పాస్‌వర్డు వచ్చినది. అయితే ఒక భేదము కలదు. బీరువా తాళము తప్పు చెవిని ఎన్నిమారులు త్రిప్పినను ఊరకుండును. నెట్‌వర్కు తాళము మాత్రము తప్పులను లెక్కించును. లెక్క మీరినంతనే సరియైన చెవికి కూడ తెరచుకొనదు. దీనినే ఖాతా లాకు పడుట అందురు.

మేమెరిగిన ఒక కార్యాలయమున విద్యార్థుల ఉపకారవేతనపు దరఖాస్తులు పంపుటకు గడువు మరునాటితో ముగియనుండెను. ఆ పని చూచు గుమాస్తాగారి ఖాతా ఉదయమే లాకు పడినది. పత్రములన్నియు సర్వరులోని ఆయన ఫోల్డరులో ఉండెను. నెట్‌వర్కు నిర్వాహకుడు లాకు తీసెను. అర్ధగంటలో మరల పడినది. మధ్యాహ్నమునకు ఇట్లు నాలుగుమార్లు జరిగినది. పాస్‌వర్డు మరచినారని అందరును ఆయననే నిందించిరి. ఆయన మరచియుండలేదు.

మరి జరిగినదేమి? ముందుగా ఈ తాళము పనిచేయు విధమును తెలిసికొందము. పెక్కు కార్యాలయములలో ఖాతాలను నిర్వహించునది మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీ. ఇది 2000లో విండోస్ 2000తో వెలువడినది. ఇందులో లాకునకు మూడు నియమములు కలవు: ఎన్ని తప్పులకు లాకు పడవలెను, ఎంతసేపు ఉండవలెను, తప్పుల లెక్క ఎప్పుడు తిరిగి సున్న కావలెను. ఉదాహరణకు పది తప్పులకు పదిహేను నిమిషముల లాకు అని నిర్ణయింపవచ్చును. యంత్రసహాయమున వేలకొలది పాస్‌వర్డులను ప్రయత్నించు దొంగను ఆపుటయే దీని ఉద్దేశము. కాని సర్వరునకు దొంగ చేసిన తప్పునకును, యజమాని చేసిన తప్పునకును భేదము తెలియదు.

యజమాని వలన కలుగు తప్పులు ముఖ్యముగ రెండు విధములు.

మొదటిది చేతి పొరపాటు. మన వంటి కళాశాలలకు ఇది మరింత వర్తించును. ఒకే కంప్యూటరుపై తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు టైపు చేయుచుందుము. కీబోర్డు ఉర్దూలోనో తెలుగులోనో నిలిచిపోయినచో, ఇంగ్లీషు అక్షరములనుకొని నొక్కినవి వేరై పోవును. తెరపై చుక్కలే కనబడుటచే పొరపాటు తెలియదు. కావున రెండవమారు ప్రయత్నించుటకు ముందే తెరపైనున్న భాషా సూచికను, క్యాప్స్ లాక్ దీపమును చూడవలెను.

రెండవది కంటికి కనబడనిది. పాస్‌వర్డు మార్చినప్పుడు మనము మారుదుము. మన పరికరములు మారవు. మెయిలు తెచ్చు ఫోను, ఫోల్డరునకు తానై కలిసికొను మరియొక కంప్యూటరు, నిర్ణీత వేళకు నడుచు ప్రోగ్రాము పాత పాస్‌వర్డునే దాచుకొని, మనము భోజనమునకు పోయినను తలుపు తట్టుచుండును.

తెరచుకొనని ప్రతి ఖాతాయు లాకు పడినట్లు కాదు. పాస్‌వర్డు గడువు తీరియుండవచ్చును. కంప్యూటరు గడియారము సర్వరు గడియారముతో ఐదు నిమిషములకు మించి తేడా పడియుండవచ్చును. తెరపైని సందేశమును యథాతథముగ వ్రాసికొని చెప్పినచో నిర్వాహకునికి సగము శ్రమ తీరును.

లాకు పడినచో డొమైన్ కంట్రోలరులోని భద్రతా చిట్టాలో 4740 సంఖ్యతో ఒక నమోదు ఏర్పడును. అందులో తప్పు ప్రయత్నము ఏ కంప్యూటరు నుండి వచ్చినదో సాధారణముగ దాని పేరుండును. ఆ కంప్యూటరు వద్దకు పోయి, క్రెడెన్షియల్ మేనేజరులో దాచియున్న పాత పాస్‌వర్డులను తొలగించవలెను. ఇది చేయక లాకు మాత్రమే తీయుట, కారుచున్న కుళాయి కట్టక నేల తుడుచుట వంటిది.

గుమాస్తాగారి విషయమున సాయంకాలమునకు ఆ నమోదును చూచిరి. అందున్నది రికార్డు గదిలోని పాత కంప్యూటరు పేరు. ఏడాదికి పైగా మూలబడియున్న దానిని, పాత రిజిస్టరు కొరకు ఎవరో ఆ ఉదయమే వెలిగించిరి. ఆయన అంతకు పూర్వము దానిలో దాచిన పాస్‌వర్డు అట్లే ఉన్నది. ఆపై ఆయన పలుమార్లు మార్చియుండెను. దానిని తొలగించిన పిమ్మట లాకు మరల పడలేదు. దరఖాస్తులు గడువులోపల చేరినవి.

ఆనాడు సహోద్యోగి ఒకరు దయతలచి తన పాస్‌వర్డు ఇవ్వబోగా గుమాస్తాగారు నిరాకరించిరి. అది సరియైన పని. ఒకరి పేరున మరియొకరు చేసిన పనికి జవాబుదారి ఎవరు? అట్లే ఫోనులో అడిగిన మాత్రమున, మనిషిని నిర్ధారించుకొనక కొత్త పాస్‌వర్డు ఇచ్చుట నిర్వాహకునికి తగదు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. ప్రతి రెండు మూడు నెలలకు పాస్‌వర్డు మార్చవలెనను నిబంధన వలన భద్రత పెరుగునని పూర్వము తలచిరి. అమెరికా ప్రమాణముల సంస్థయైన నిస్ట్ 2017లో దీనికి భిన్నముగ సూచించినది: బయటపడినట్లు ఆధారమున్నప్పుడే మార్పించవలెను. మైక్రోసాఫ్ట్ కూడ 2019లో ఆ నిబంధనను తన భద్రతా సిఫారసుల నుండి తొలగించినది. పొడవైన పాస్‌వర్డు, దానికి తోడు రెండవ నిర్ధారణ మేలు.

విద్యార్థి మిత్రులు రేపు ఏదో ఒక కార్యాలయమున కూర్చుందురు. అక్కడ తలుపు తెరచుకొననప్పుడు తప్పు ఎవరిదని అడుగుటకు ముందు, తప్పు ఎచ్చటి నుండి వచ్చుచున్నదని అడుగుదురు గాక.