ఎడారి కొండల పటం

మానవుడు తాను నడిచిన దారిని ఇతరులకు తెలియజేయాలని కోరుకొన్ననాడే పటలేఖనానికి బీజం పడింది. లభ్యమైన ప్రాచీన పటాలలో విశిష్టమైనది ఒకటి ఇటలీలోని టూరిన్ నగరంలో ఈజిప్టు ప్రదర్శనశాలలో భద్రంగా ఉంది. పపైరస్ అనే నీటిమొక్క కాడలతో చేసిన పత్రంపై క్రీ.పూ. 1150 ప్రాంతంలో దానిని గీశారు. దాని పొడవు సుమారు 2.8 మీటర్లు.

ఈజిప్టులో నైలు నదికి, ఎర్ర సముద్రానికి నడుమ తూర్పు ఎడారి వ్యాపించి ఉంది. అందులోని వాది హమ్మామాత్ ఈ పటానికి విషయం. వాది అనగా వాన కురిసినప్పుడు మాత్రమే నీరు పారే లోయ. దాని ఇరువైపుల కొండలలో బంగారు గనులు, శిల్పాలకు పనికివచ్చే బెఖెన్ అనే రాయి ఉండేవి. ఆ రాతి కోసం నాలుగవ రామెసీస్ చక్రవర్తి జనబలగాన్ని పంపిన కాలంలో అమెన్నఖ్త్ అనే లేఖకుడు ఈ పటాన్ని రచించాడని పండితుల అభిప్రాయం.

పటంలో పైభాగం దక్షిణ దిక్కు. నైలు ప్రవాహం వచ్చేది ఆ దిక్కు నుండే. దారికి రెండు పక్కలా పడుకోబెట్టినట్లు కొండలను చిత్రించారు. బంగారం గల కొండలకు గులాబీ రంగు, వేరొక జాతి రాయి గల కొండలకు నలుపు వేశారు. లోయలోని గులకరాళ్లను చుక్కలతో సూచించారు. బంగారు పనివారి ఇళ్లు, అమున్ దేవుని ఆలయం, బావి, సముద్రానికి పోయే దారి కూడా అందులో ఉన్నాయి. ఈ రంగులు కేవలం అలంకారాలు కావనీ, ఆ ప్రాంతపు శిలాభేదాలకు సరిపోతున్నాయనీ జేమ్స్ హారెల్, మాక్స్ బ్రౌన్ అనే పరిశోధకులు 1992లో వెల్లడించారు. ఇంగ్లండులో విలియం స్మిత్ తన ప్రసిద్ధ భూవిజ్ఞాన పటాన్ని ప్రచురించినది 1815లో! అంతకు సుమారు మూడు వేల సంవత్సరాల ముందే ఒక లేఖకుడు నేలను చూడడమే కాక, రాతిని కూడా చదివాడు.

అదే లోయలో రామెసీస్ వేయించిన శిలాశాసనం ఈ యాత్ర లెక్కను చెబుతున్నది. 8,000కు పైగా జనం వెళ్లగా, వారిలో 900 మంది మరణించారు. నాయకత్వం వహించిన ప్రధానార్చకుడు రామెసెస్నఖ్త్ పేరు శాసనంలో ఉంది. మరణించిన వారికి మిగిలినది అంకె మాత్రమే. పటంలో గనికి చోటు దొరికింది, బావికి చోటు దొరికింది. ఆ రాతిని మోసి, తిరిగి ఇల్లు చేరని వారికి దొరకలేదు. పటం దారిని చూపుతుంది. ఆ దారి ఎవరి శ్రమతో ఏర్పడిందో తెలుసుకోవలసినవారు దానిని చదివే మనమే.