ఆకాశంలో పెంకులు

అక్కలారా! రాత్రి వాకిట్లో మంచం వేసుకుని పడుకున్నప్పుడు పైకి చూడండి. మినుకుమినుకుమనకుండా మెల్లగా కదిలిపోయే చుక్క ఒక్కోసారి కనిపిస్తుంది. అది చుక్క కాదు. మనుషులు పంపిన ఉపగ్రహం.

దానితో మనకేం పని?

మన ఓషన్‌శాట్ ఉపగ్రహం సంగతే చూడండి. అది 700 కిలోమీటర్ల పైన తిరుగుతూ సముద్రాన్ని చూస్తుంది. కంటికి ఆనని సన్నని నాచు నీళ్లలో ఎక్కడ ఎక్కువుందో చెబుతుంది. నాచు ఉన్నచోటికి చేపలొస్తాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే ప్రభుత్వ సంస్థ ఆ కబురు మత్స్యకారులకు అందిస్తుంది. వల ఎటు వెయ్యాలో వాళ్లకు తెలుస్తుంది.

కానీ ఉపగ్రహాలు యుద్ధానికి కూడా కళ్లే. శత్రువు సైన్యం ఎక్కడుందో చూపిస్తాయి. అందుకే వాటిని పగలగొట్టే ఆయుధాలు వచ్చాయి. అమెరికా, రష్యా, చైనా, ఇండియా తమ సొంత ఉపగ్రహాలనే కొట్టి చూసుకున్నాయి. మన దేశం 2019 మార్చి 27న కొట్టింది. ఆ ఉపగ్రహం రెండు నెలల ముందు మన శ్రీహరికోట నుంచి వెళ్లిందే!

ఇంట్లో కుండ పగిలితే పెంకులు ఊడ్చి పారేస్తాం. అక్కడ ఊడ్చేదెవరు? పెంకులు వెంటనే కింద పడవు. తుపాకి గుండు కన్నా ఎన్నో రెట్లు వేగంగా భూమి చుట్టూ తిరుగుతాయి. మనం కొట్టింది తక్కువ ఎత్తులో. అయినా కొన్ని ముక్కలు ఏడాది దాటినా తిరిగాయి. చైనా 2007లో 800 కిలోమీటర్ల పైన కొట్టింది. 3 వేలకు పైగా ముక్కలయ్యాయి. చాలావరకు ఇంకా అక్కడే ఉన్నాయి. ఓషన్‌శాట్ లాంటివి తిరిగే దారులు కూడా ఆ చుట్టుపక్కలే.

2021 నవంబరులో రష్యా కొట్టినప్పుడు అంతరిక్ష కేంద్రంలో ఏడుగురున్నారు. ముక్కలు తగులుతాయన్న భయంతో, తిరిగొచ్చే వాహనాల్లోకి వెళ్లి తలుపులు మూసుకున్నారు. వాళ్లలో రాజా చారి ఒకరు. ఆయన తండ్రి హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లినవారు. రష్యావాళ్లు కూడా ఇద్దరున్నారు. ఎవరు కొట్టినా పెంకుకు సొంతవాళ్లూ పరాయివాళ్లూ ఉండరు కదా!

మరి దీనికి కట్టుబాటు లేదా? ఉంది, సగమే. 1967లో దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. భూమి చుట్టూ అణుబాంబులు తిప్పకూడదు. చందమామ మీద సైనిక స్థావరాలు పెట్టకూడదు. మన దేశమూ ఒప్పుకుంది. ఉపగ్రహాలను కొట్టొద్దని మాత్రం అందులో లేదు.

2022 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో, క్షిపణితో ఉపగ్రహాలను పగలగొట్టే పరీక్షలు మానుకోవాలని తీర్మానం పెట్టారు. 155 దేశాలు సరేనన్నాయి. రష్యా, చైనా వద్దన్నాయి. ఇండియా ఎటూ ఓటు వెయ్యలేదు. అందరూ కట్టుబడి తీరాల్సిన ఒప్పందమే కావాలన్నది మన దేశం మాట. అలాంటి ఒప్పందం ఇంకా రాలేదు.