ఉద్యోగములో గెలుపునకు కొలతలు



పిల్లలకు ఉద్యోగము దొరికినదనగానే మనము అడుగు మొదటి ప్రశ్న "జీతమెంత?", రెండవది "పర్మనెంటేనా?". ఈ ప్రశ్నలలో తప్పు లేదు. బ్రతుకుతెరువు కొరకు ఊరు విడిచి వచ్చిన కుటుంబములకు నెల జీతము విలువ బాగుగా తెలియును. అయితే ఈ రెంటికి సరియైన జవాబు చెప్పలేని యువకులు నలుగురిలోనికి వచ్చుటకే వెనుకాడుచున్నారు. ఇది చిన్న సంగతి కాదు. కాబట్టి ఒక తెలుగువాని జీవితమును తీసుకొని మన కొలతలను పరీక్షించుదము.

1. హోదా ఒక్కటే కొలత కాదు

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరములో జన్మించెను. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నములో గాని గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు బయలుదేరి, హార్వర్డులో చేరెను. ఖర్చులకు చాలక ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసెను. 1925లో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి, శరీర ద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. అయినను అక్కడ స్థిరమైన ఉద్యోగము దొరకలేదు. 1940లో హార్వర్డు విడిచి లెడర్లీ అను మందుల కంపెనీలో చేరెను. ఆనాడు మన రెండు ప్రశ్నలు అడిగియుంటే ఆయనను ఓడిపోయినవాని క్రిందనే జమకట్టియుందుము.

2. పని ఎవరికి మేలు చేసినది?

లెడర్లీలో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారు చేసెను. గర్భిణీ స్త్రీలకు ఇచ్చు ఐరన్ మాత్రలో నేడు అది కూడ ఉన్నది. బోదకాలు నివారణకు ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్ర వెనుకనున్నదియు ఆ బృందమే. ఒడిషాలోను, తమిళనాడులోను, ఆంధ్ర తీరములోను ఆ మాత్ర మ్రింగినవారు మనలో ఎందరో! ఆయన పేరు ఎరిగినవారు కొందరే.

3. తోడివారు ఎదిగిరా?

విశ్వవిద్యాలయములో పదవీ విరమణ చేసిన బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు అదే సంస్థలో పనిచేసెను. 1948లో ఆరియోమైసిన్ అను మందు వెలువడినప్పుడు పేరు డగ్గరుకు వచ్చెను. అప్పటి పరిశోధనలకు పెద్ద సుబ్బారావే. తన క్రింద పనిచేయువారికి పేరు రావడము కూడ పెద్దకు గెలుపే. డెబ్బది దాటినవాడు ఫలించుట మరియొక గెలుపు.

4. ఇంటి లెక్క

ఆయన మరల స్వదేశము చూడలేదు. భార్య ఇక్కడనే ఉండిపోయెను. 1948లో, 53 ఏండ్లకే, న్యూయార్కు ప్రాంతములో కన్నుమూసెను. ఈ లెక్కను దాచి పొగడుట న్యాయము కాదు. ఆయన పని లోకమునకు లాభము. దాని ఖరీదులో కొంత ఆ ఇల్లాలు చెల్లించినది. దూరదేశములకు పిల్లలను పంపు మనము ఈ మాట మరువరాదు.

కాబట్టి జీతము ఒక కొలత, హోదా ఒక కొలత. వాటి ప్రక్కన మేలు, తోడివారు, ఇల్లు అను మూడింటిని కూడ ఉంచవలెను. అన్నిటిలో నిండు మార్కులు వచ్చినవారు అరుదు. ఒకదానిలో తగ్గినవానిని అన్నిటిలో తప్పినవానిగా చూడవద్దు.

ఇంట చర్చించుటకు ప్రశ్నలు

అ) మన ఇంట పనిచేయువారి శ్రమ వలన మేలు పొందుచున్నవారెవరు?
ఆ) మన వద్ద పని నేర్చుకొని పైకి వచ్చినవారెవరు?
ఇ) ఉద్యోగము కొరకు ఇంటిలో ఎవరు ఏమి వదులుకొనిరి? వారికి ఆ మాట ఎప్పుడైన చెప్పితిమా?